సెటిల్ చేసుకున్న కార్డు బాకీ సిబిల్ రిపోర్టులోంచి ఎప్పుడు పోతుంది?

గుంటూరు గృహస్థు:
2020 లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయింది. క్రెడిట్ కార్డు బాకీ వడ్డీలతో కలిపి 41,000 అయింది. వసూలుకు వచ్చినతను 22,000 కడితే చాలన్నాడు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి 2021 ఫిబ్రవరిలో కట్టేశాను. పీడ విరగడైందనుకున్నాను. మొన్న ఇంటి అప్పుకు వెళితే మేనేజరుగారు కంప్యూటర్ తెర నావైపు తిప్పి, నా అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రిపోర్టు చూపించారు. ఆ కార్డు పక్కన ‘సెటిల్డ్’ అని ఉంది, స్కోరు 648. ఏడేళ్ళకు దానంతటదే చెరిగిపోతుందని మా బావమరిది అంటున్నాడు. అంటే 2028 దాకా అద్దె ఇంట్లోనే ఉండాలా?

పల్నాటి మిత్రుడు:
మూడేళ్ళు దాటితే అప్పే చెల్లదు కదండీ. తీసేయమని గట్టిగా అడగండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
మూడేళ్ళన్నది కోర్టులో దావా వేయడానికి ఉన్న గడువు. దానితో రిపోర్టుకు పనిలేదు. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింది నిబంధనల్లో ఉన్నది, సమాచారాన్ని కనీసం ఏడేళ్ళు భద్రపరచాలని. ఆ ‘కనీసం’ అన్న మాటను మీ బావమరిదిగారు మింగేశారు!

అప్పుల విభాగంలో పాతికేళ్ళు కూర్చున్నవాణ్ణి. స్కోరు చూడగానే రిపోర్టులో నెలవారీ చెల్లింపుల గళ్ళ మీదికి దిగేవాళ్ళం. 000 ఉంటే సకాలంలో కట్టినట్టు, 090 ఉంటే తొంభై రోజుల ఆలస్యం. పాత ఆలస్యాలను చూసీ చూడనట్టు వదిలేసిన రోజులున్నాయి. ‘సెటిల్డ్’ దగ్గర మాత్రం కలం ఆగిపోయేది. అప్పిచ్చినవాడు కొంత సొమ్ము వదులుకున్నాడని దాని అర్థం మరి.

కార్డు ఇచ్చిన బ్యాంకుకే వెళ్ళండి. మిగతా 19,000 కడితే ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చి పంపుతామని రాయించుకోండి. కాగితం చేతికి రానిదే రూపాయి కట్టకండి. వసూలు ఏజెంటుకు అసలే వద్దు. కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకోండి. అప్పటికీ మార్చకపోతే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మర్నాడే స్కోరు ఎగబాకుతుందని మాత్రం అనుకోకండి.

డాలస్ తెలుగు:
ఆ ఏడేళ్ళ లెక్క అమెరికాది అయి ఉంటుంది. ఇక్కడ వాయిదా మొదట తప్పిన నాటి నుంచి ఏడేళ్ళకు అలాంటి బాకీని తీసేయాల్సిందే.

గుంటూరు గృహస్థు:
ధన్యవాదాలండీ. ఏడాదికోసారి ఉచితమని తెలిసి పూర్తి రిపోర్టు తీసుకున్నాను. అందులో 2019లో వాయిదాల మీద కొన్న ఫ్రిజ్ అప్పు 118 రూపాయల బాకీతో ఇంకా తెరిచే ఉంది. ఫ్రిజ్ పాడై తూకానికి వేసి రెండేళ్ళయింది. సోమవారం రెండు చోట్లకూ వెళుతున్నాను.