కొబ్బరితోట జప్తు: డిక్రీ తరువాత చేతికిచ్చిన సొమ్ముకు లెక్క ఉండదా?

ప్రశ్న (రాజోలు వైపు నుంచి)

మా నాన్నగారు రొయ్యల చెరువు కోసం ఊళ్లో ఒకరి దగ్గర ప్రోనోటు రాసి, నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చారు. తెల్లమచ్చ తెగులుతో చెరువు పోయింది. అప్పిచ్చినాయన దావా వేస్తే బాకీ కట్టమని కోర్టు డిక్రీ (తీర్పు) ఇచ్చింది. డిక్రీ అయ్యాక కూడా దింపు (కొబ్బరికాయల కోత) తీసిన ప్రతిసారీ కాయల డబ్బు నాన్నగారు అప్పిచ్చినాయన చేతికే ఇచ్చారు. రసీదు అడగడానికి మొహమాటపడ్డారు. నిన్న కోర్టు అమీనా (ఉత్తర్వులు అమలుచేసే ఉద్యోగి) దండోరా వేయించి, జప్తు ఉత్తర్వు నకలు గట్టు మీది కొబ్బరిచెట్టుకు అంటించి వెళ్లాడు. ఈపీలో (డిక్రీ అమలు కోసం అప్పిచ్చినాయన వేసిన అర్జీలో) ఒక్క రూపాయి చెల్లు లేదు. జైల్లో పెడతారని ఎవరో అన్నారట, నాన్నగారు అన్నం ముట్టడం లేదు. ఇల్లు కూడా పోతుందా?

జవాబు (అమలాపురం; వకీలు గుమాస్తాగా పనిచేశాను)

అమ్మా, ముందు ఆయన చేత అన్నం తినిపించండి. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. తీర్చగల స్థోమత ఉండీ ఎగవేసేవారికే సివిల్ జైలు అని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రైతు కాపురముంటున్న ఇల్లు, సేద్యపు పనిముట్లు ప్రోనోటు డిక్రీ కింద జప్తు చేయకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూపించమనండి. తోటకు మాత్రం ఆ రక్షణ లేదు.

అసలు చిక్కు చేతి సొమ్ముదే. డిక్రీ తరువాత బయట ఇచ్చినది కోర్టు రికార్డుకు ఎక్కకపోతే ఈపీలో లెక్కలోకి రాదు. బాకీదారు కాగితం ఆధారంతో, సొమ్ము ఇచ్చిన 30 రోజుల్లోగా అర్జీ పెట్టాలి. అప్పిచ్చినాయనే ముట్టిందని కోర్టుకు చెబితే ఆ గడువు అడ్డురాదు. డిక్రీకి 12 ఏళ్ల ప్రాణం ఉంటుంది, ఊరుకుంటే పోదు. నోటి మాట నమ్మి రెండుసార్లు కట్టిన రైతులను చూశాను, కడుపు తరుక్కుపోయేది.

జవాబు (పి.గన్నవరం)

మా అన్నయ్యకు వాయిదాల మీద కట్టుకోమని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అందుకు అప్పిచ్చినవారి సమ్మతి కావాలి. పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లండి, ఊళ్లో అందరి ముందూ పుచ్చుకున్నది కాదనడం ఎవరికైనా కష్టమే.

ప్రశ్న అడిగినవారు

చాలా ధైర్యం వచ్చిందండీ. చివరి దింపు సొమ్ము తమ్ముడు అప్పిచ్చినాయన ఖాతాకే ఫోనులో పంపాడు, ఇంకా నెల కాలేదు. అంతకుముందు రెండు దఫాలు కొబ్బరి వర్తకుడే నేరుగా ఇచ్చి, తన చిట్టాలో ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడట. ఆ పుటలు పట్టుకుని రేపు పెద్దమనుషులతో ఆయన ఇంటికి, అటునుంచి వకీలుగారి దగ్గరికి వెళ్తున్నాం.