లేబర్ క్యాంపులో హెచ్‌ఐవీ పరీక్షలు, కార్మికులు భయపడకుండా ఎలా చేయించాలి?

నమస్తే అండి. నాగర్‌కర్నూల్ వైపు ఎత్తిపోతల పనుల్లో సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. క్యాంపులో ఎక్కువమంది బీహార్, జార్ఖండ్, ఒడిశా వాళ్లే. మన పాలమూరు లేబర్ ఊరూరా తిరిగి ప్రాజెక్టులు కట్టినట్టే, వీళ్లూ నెలల తరబడి పెళ్లాం బిడ్డలకు దూరంగా ఉంటారు.

మా కాంట్రాక్టర్ అందరికీ పరీక్ష చేయించి, పాజిటివ్ వచ్చినవాళ్లను పంపించేద్దాం అంటున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఉద్యోగానికి ఈ పరీక్ష షరతు పెట్టకూడదు, మనిషి ఒప్పుకోకుండా చేయకూడదు. పైగా రోజూ మందులు వాడి, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గితే లైంగికంగా ఇంకొకరికి సోకదు. పనిలోంచి తీసేస్తే ఆ మందులే ఆగిపోతాయి కదా!

టైమ్ ఆఫీసు ముందు పెట్టిన కండోమ్ డబ్బాను ఎవరూ ముట్టలేదు. స్నానాల గదుల వెనక గోడకు తగిలించాక ఖాళీ అవుతోంది. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ నంబరు 1097 కూడా అక్కడే రాశాం.

ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) పరీక్ష ఉచితమే, కానీ పగలు వెళ్తే కూలి పోతుంది. ఐసీటీసీ వాళ్లను సాయంత్రం పూట క్యాంపుకే రప్పించినవాళ్లు ఉన్నారా? లెటర్ ఎవరికి పెట్టాలి? హిందీ, ఒడియా వచ్చిన కౌన్సెలర్ దొరుకుతారా? కాంట్రాక్టర్‌ను ఎలా ఒప్పించారో కూడా చెప్పండి.