ఆజం జాహి మిల్లు నుంచి సూరత్ వెళ్లిన మేనమామ ఆచూకీ కోసం

వరంగల్ ఆజం జాహి మిల్లు నేత విభాగంలో పనిచేసిన మా మేనమామ, 2002లో మిల్లు మూతపడిన తర్వాత పవర్‌లూమ్ పని వెతుక్కుంటూ సూరత్ వెళ్లి, లింబాయత్‌లో అద్దె గదిలో ఉండేవారు. ఆయన చివరి ఉత్తరం 2006 జూలైలో వచ్చింది. మరుసటి నెలలోనే తాపీ నది వరద ఆ నగరంలో చాలా భాగాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత ఎలాంటి కబురూ లేదు. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఎడమచేతి చూపుడు వేలికి పై కణుపు లేదు.

ఆ ఇన్‌లాండ్ ఉత్తరం వెనుక గది నంబరు తడికి అలుక్కుపోయింది, వీధి పేరు సగమే కనిపిస్తోంది. దొరికినంత చిరునామాకు పంపిన రిజిస్టర్డ్ ఉత్తరం తిరిగి వచ్చేసింది. ఓటర్ల జాబితాలోనూ వెతికాం గానీ, అది గుజరాతీ లిపిలో ఉండటమే కాక, ఇంటిపేరు ముందుండే మన వరుస అక్కడ తారుమారయ్యే అవకాశం ఉంది కనుక, పేరు కనబడనంత మాత్రాన ఆయన అక్కడ లేరని నేను అనుకోవడం లేదు. భవిష్యనిధి కాగితాల్లో పాత వరంగల్ చిరునామా తప్ప మరేమీ లేదు. ఆయనతో కలిసి వెళ్లిన మిత్రులు మహారాష్ట్రలోని భివండీకి మారి, అక్కడే కాలం చేశారని తెలిసింది.

చిన్న కార్ఖానాల్లో కార్మికుల పేర్లు పుస్తకాలకెక్కడం అరుదు కాబట్టి, మనవారి కుల సంఘాల వద్దే ఏదైనా ఆధారం దొరుకుతుందని నా అంచనా. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో ఉంటున్నవారు లేదా గతంలో ఉండి వచ్చినవారు దయచేసి చెప్పగలరా: 2006 వరదకు ముందు అక్కడ పనిచేసిన వరంగల్ నేత కార్మికుల వివరాల కోసం ఏ సంఘాన్ని లేదా ఎవరిని అడగాలి?