పోటీ పేజీ నింపాక వారం వారం బ్యాలెన్స్ కట్ అవుతోంది, ఎలా ఆపాలి?

వెన్నెలపిట్ట:
ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో "మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి, కొత్త ఫోన్ గెలుచుకోండి" అన్న పేజీ నింపారు. అప్పట్నుంచి వారానికోసారి ఐదంకెల నంబర్ నుంచి మెసేజ్ వస్తోంది, వెంటనే బ్యాలెన్స్ తగ్గుతోంది. నంబర్ బ్లాక్ చేశాం, బ్రౌజర్ హిస్టరీ తుడిచేశాం. అయినా కోత ఆగలేదు. "స్టాప్" అని పంపమని కొందరు, పంపితే మన నంబర్ పనిచేస్తోందని వాళ్లకి తెలిసిపోతుందని కొందరు అంటున్నారు. ఏది నిజం? పోయిన డబ్బు వెనక్కి వస్తుందా?

కీప్యాడ్:
బ్లాక్ చేసినా డబ్బు ఎందుకు పోతోందో ముందు చెప్తాను. చాలా ప్రీమియం సర్వీసుల్లో (మెసేజ్‌ల ద్వారా అదనంగా డబ్బు తీసుకునే సర్వీసులు) మనం మెసేజ్ పంపినందుకు కాదు, మనకి మెసేజ్ అందినందుకే ఛార్జ్ పడుతుంది. ఆ లెక్క ఆపరేటర్ సర్వర్‌లో జరుగుతుంది. మీరు ఫోన్‌లో బ్లాక్ చేస్తే మెసేజ్ మీ కంట పడదు, అంతే. కోత మాత్రం యథాతథం. పైగా రుజువు కూడా కనపడకుండా పోతుంది కాబట్టి ముందు ఆ బ్లాక్ తీసేయండి, పాత మెసేజ్‌లేవీ డిలీట్ చేయకండి.

స్టాప్ విషయానికొస్తే రెండు మాటలూ నిజమే, సందర్భాలు వేరు. మీకిప్పటికే డబ్బు కట్ చేస్తున్న షార్ట్ కోడ్ (మీకొచ్చే ఐదంకెల నంబర్ లాంటి చిన్న నంబర్) అయితే, ఆ మెసేజ్‌లో ఇచ్చిన పదాన్నే అదే నంబర్‌కి పంపాలి. వేరే సర్వీసులు కూడా అదే నంబర్ మీద నడుస్తుంటే చివర్లో సర్వీస్ పేరో, "ఆల్" అనో చేర్చమంటారు, మెసేజ్ పూర్తిగా చదవండి. అదే మామూలు పొడవు నంబర్ నుంచి లింకుతో వచ్చిన "మీరు గెలిచారు" మెసేజ్ అయితే అస్సలు జవాబు ఇవ్వకూడదు. అక్కడ ఆపడానికి సబ్‌స్క్రిప్షన్ అంటూ ఏదీ లేదు. మీ జవాబు వల్ల వాళ్లకి తెలిసేదల్లా ఈ నంబర్ వెనక మనిషి ఉన్నాడని.

తీగమల్లి:
కీప్యాడ్ గారు చెప్పింది చేశాక అక్కడితో వదిలేయకండి, ఆపరేటర్‌తో మాట్లాడండి. "డబ్బు పోతోంది" అంటే సరిపోదు. ఏ సర్వీస్, నడిపేది ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకి యాక్టివేట్ అయింది, వెబ్‌పేజీ ద్వారానా, మెసేజ్ ద్వారానా అని అడగండి. ఒప్పుకున్నట్టు రికార్డ్ చూపించమనండి. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. డబ్బు తప్పకుండా వస్తుందని చెప్పలేను గానీ, రికార్డ్ చూపించలేకపోతే మీ వాదనకి బలం వస్తుంది. అక్కడ తేలకపోతే మీ దేశపు టెలికాం నియంత్రణ సంస్థ దగ్గరికి ఇవే వివరాలతో వెళ్లొచ్చు.

అదే కాల్‌లో ప్రీమియం మెసేజ్‌లు, ఫోన్ బిల్లు మీద పడే కొనుగోళ్లు రెండూ బ్లాక్ చేయమనండి. రెండూ వేర్వేరు, ఒకటి మూస్తే రెండోది తెరిచే ఉంటుంది. "షార్ట్ కోడ్‌లన్నీ ఆపేయండి" అని మాత్రం అనకండి, బ్యాంక్ ఓటీపీలు కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది.

వెన్నెలపిట్ట:
చాలా థాంక్స్ అండీ. ఒక్క సందేహం. ఆ పేజీలో కార్డ్ వివరాలేవీ ఇవ్వలేదు, ఫోన్ నంబర్ ఒక్కటే ఇచ్చారు. అంతమాత్రానికే ఎలా కట్ చేస్తారు?

కీప్యాడ్:
నంబర్ ఇచ్చాక నాలుగంకెల పిన్ వచ్చి ఉంటుంది, "ఫలితం చూడటానికి పిన్ కొట్టండి" అని పేజీ అడిగి ఉంటుంది. పిన్ కొట్టడమే ఒప్పుకోలు. పిన్ ఉన్న మెసేజ్‌లో చాలాసార్లు సర్వీస్ పేరు, వారానికి ఎంత అన్నది ఉంటుంది. కానీ నోటిఫికేషన్‌లో పిన్ కనిపించగానే మెసేజ్ తెరవకుండానే కొట్టేస్తాం. పేజీలోనూ ధర రాసే ఉంటుంది, బాగా కిందికి జరిపితే బూడిదరంగు చిన్న అక్షరాల్లో.

మొబైల్ డేటా మీద ఉంటే ఒక్కోసారి నంబర్ కూడా ఇవ్వక్కర్లేదు. కనెక్షన్ ఆపరేటర్‌దే కాబట్టి నంబర్ బిల్లింగ్ పేజీకి దానంతటదే చేరుతుంది. "కంటిన్యూ" మీద నొక్కితే చాలు. వైఫైలో ఆ దారి పనిచేయదు, అందుకే కొన్ని పేజీలు వైఫై ఆపేయమని అడుగుతాయి. అలా అడిగిన పేజీని అక్కడికక్కడే మూసేయాలి.

నీలిగీత:
ఆండ్రాయిడ్ అయితే యాప్‌లూ చూడండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో ప్రీమియం ఎస్సెమ్మెస్ యాక్సెస్. అక్కడ ఏ యాప్ పేరైనా ఉంటే "నెవర్ అలౌ" పెట్టండి. ఆ పక్కనే నోటిఫికేషన్ యాక్సెస్ ఉంటుంది, అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది ఉన్న యాప్ మీ మెసేజ్‌ల నోటిఫికేషన్లు చదవగలదు. గూగుల్ 2017 నుంచి వెంటాడుతున్న జోకర్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్‌ల) కుటుంబం వాల్‌పేపర్, కీబోర్డ్, ఫోటో ఎడిటర్ లాంటి యాప్‌ల ముసుగులో వచ్చి, పిన్‌ని తనే చదివి సబ్‌స్క్రిప్షన్ పూర్తి చేస్తుంది. వాల్‌పేపర్ యాప్‌కి మీ మెసేజ్‌లతో పనేంటి? ఆ యాప్ తీసేయండి. కానీ యాప్ తీసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు, అది విడిగా ఆపాల్సిందే.

తీగమల్లి:
నకిలీ పోటీని పట్టడానికి పేజీని ఒకసారి రీలోడ్ చేసి చూడండి. "ఇంకా 4 నిమిషాలే" అన్న గడియారం మళ్లీ మొదటికొస్తుంది. బహుమతి కోసం తిప్పే చక్రం ఉంటే, మొదటిసారి ఓడిపోయి రెండోసారి కచ్చితంగా గెలుస్తారు. కింద కామెంట్లు అవే పేర్లు, అవే "రెండు నిమిషాల క్రితం". నొక్కితే ఎవరి ప్రొఫైలూ తెరుచుకోదు. పది మందికి షేర్ చేయమంటే మీ చేతే ఆ వల విసిరిస్తున్నారన్నమాట.

ఫేస్‌బుక్‌లో అయితే పేజ్ ట్రాన్స్‌పరెన్సీ తెరిచి ఎప్పుడు మొదలైందో, ఎన్ని పేర్లు మారిందో చూడండి. పెద్ద బ్రాండ్ పేజీ పోయిన వారం పుట్టదు కదా. నిజమైన పోటీకి నిర్వాహకుల పేరు, చివరి తేదీ, విజేతను ఎలా ఎంచుతారన్న నియమాలు రాసి ఉంటాయి. బ్రాండ్ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. ఆ పోటీ గురించి అక్కడ ఒక్క ముక్కా లేకపోతే ఫారం నింపొద్దు. బహుమతి పంపడానికి ముందే డెలివరీ ఖర్చో, పన్నో కట్టమంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు, మోసమే.

కీప్యాడ్:
ఇంకొకటి. స్టాప్ పంపాక రద్దయినట్టు మెసేజ్ రావాలి, దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాతి కోత పడాల్సిన రోజున బ్యాలెన్స్ చూసుకోండి. మళ్లీ కట్ అయితే ఆ స్క్రీన్‌షాట్‌తోనే రీఫండ్ అడగాలి.