పిత్తనాళంలో వేసిన స్టెంట్ పేగుల్లోకి జారింది, ఎవరికైనా ఇలా అయిందా?

కృష్ణాతీరం: మా అమ్మకి పిత్తనాళంలో రాళ్లుంటే ఈఆర్‌సీపీ (నోటి ద్వారా స్కోప్ పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేసి తీసి, ప్లాస్టిక్ స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే సన్న గొట్టం) వేశారు. తీయించడానికి వెళ్తే ఎక్స్‌రేలో అది నాళంలో లేదు, పొత్తికడుపులో ఎడమవైపు కనిపిస్తోంది. విరేచనంలో పోతుంది లెండి అన్నారు. కానీ అమ్మకి సరిగ్గా అక్కడే పోటు. ఆగొచ్చంటారా?

పాలమూరు పిల్ల: మా నాన్నకి జారింది, పోయింది. ఆయనకి తెలియను కూడా తెలియలేదు, మళ్లీ ఎక్స్‌రే తీస్తే లేదు. ఎక్కువమందికి ఇంతేనట. కానీ నాన్నకి నొప్పి లేదండి. మీరు మా సంగతి చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ఓరుగల్లు కోడలు: మా అత్తమ్మకు పెద్దపేగు గోడకు డైవర్టికులా ఉన్నయి, చిన్న చిన్న తిత్తులు. స్టెంట్ కొస అందులో దిగబడ్డది. రాత్రి చూసిన డాక్టర్ పాత కాగితాలు తిరగేయకుండ గ్యాస్ అని మాత్రలిచ్చిండు. జ్వరం వచ్చినంక సీటీ తీస్తే పేగుకు చిల్లు. ఆపరేషన్ చేసి పేగు ముక్క తీసేసి, కొన్ని నెలలు మలం పొట్ట మీది సంచిలోకి పోయేటట్టు పెట్టిన్రు. ఇప్పుడు మంచిగనే ఉన్నది గానీ, ఆ నెలలు పగవాళ్లకు కూడా వద్దు.

స్కోప్ రూమ్ సిస్టర్: ఎండోస్కోపీలో పనిచేస్తానండి. 10 ఫ్రెంచ్ సైజు స్టెంట్ అంటే 3.3 మిల్లీమీటర్ల లావున్న గట్టి గొట్టం. డుయోడినంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో ఆగితే అక్కడి గోడనే పొడవగలదు, అందుకే కనిపిస్తే స్కోప్‌తో లాగేస్తాం. అది దాటాక హెర్నియాలోనో, పాత ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కున్న చోటో, డైవర్టికులాలోనో ఇరుక్కుంటుంది. రెండో ఎక్స్‌రేలోనూ అదే చోట ఉంటే ఇక ఎదురుచూడకూడదు. ఎడమవైపు పెద్దపేగులో ఉంటే, చిల్లు పడకముందు కొలనోస్కోపీతో (మలద్వారం గుండా స్కోప్ పంపి) చాలావరకు తీసేయొచ్చు. పొట్ట గట్టిపడినా, జ్వరం, వాంతులు వచ్చినా, గాలి కూడా పోకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. త్వరగా పోతుందని ఆముదం పట్టించకండి, దయచేసి. ఇంకోటి, స్టెంట్ జారాక పిత్తనాళం మళ్లీ మూసుకుపోవచ్చు. చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా అదీ ఆగే విషయం కాదు.

కృష్ణాతీరం: అమ్మకి గర్భసంచి తీసిన ఆపరేషన్ ఎప్పుడో అయిందండి. ఈ మాట అక్కడ ఎవరూ అడగలేదు. పొద్దున్నే వెళ్లి సీటీ తీయమని అడుగుతాం.

ఓరుగల్లు కోడలు: నొప్పి పెరిగితే పొద్దటిదాకా ఆగకున్రి. ఈఆర్‌సీపీ కాగితం, రెండు ఎక్స్‌రేలు ఉంటే రెండూ చేతిల పట్టుకొని పోన్రి. లోపల స్టెంట్ ఉన్నదని ముందు మీరే చెప్పున్రి.