ధరల్లో వేలు పెట్టిన ప్రభుత్వం ఎక్కడ ఆగాలి?

కొలబద్ద:
ఈ విషయం మీద మాట్లాడితే రెండే మాటలు వినిపిస్తాయి. "మార్కెట్‌ను వదిలేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అని ఒక వైపు, "ప్రభుత్వం లేకపోతే జనాన్ని పీల్చి పిప్పి చేస్తారు" అని ఇంకో వైపు. రెండూ విని విని విసుగొచ్చింది. జోక్యం ఉండాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. దిగిన ప్రభుత్వం మళ్ళీ బయటికి ఎలా వస్తుంది?

1971 ఆగస్టు 15, ఆదివారం సాయంత్రం అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలో మాట్లాడుతూ ధరలు, జీతాలు 90 రోజుల పాటు పెంచకూడదని ప్రకటించారు. డాలరుకీ బంగారానికీ ఉన్న ముడిని తెంచిందీ ఆ ప్రసంగంలోనే. జనం మెచ్చుకున్నారు, మర్నాడు షేర్లు ఎగిశాయి, మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన దాదాపు అన్ని రాష్ట్రాలూ గెలిచారు. 90 రోజులూ అయ్యాయి. తర్వాత రెండో దశ, మూడో దశ అంటూ సాగదీసి, 1973 జూన్‌లో మళ్ళీ 60 రోజులు బిగించారు. కోడి ధర కట్టేశారు, మేత ధర మాత్రం పెరుగుతూ పోయింది. పెంచితే నష్టమేనని కొందరు రైతులు కోడిపిల్లలను నీళ్ళలో ముంచి చంపారు. 1974 ఏప్రిల్‌లో ఈ కట్టడికి ఆధారమైన చట్టం గడువు తీరింది. చమురు ధరల మీద కట్టడి మాత్రం వేరే చట్టాల చాటున బతికి, 1981 జనవరిలో రీగన్ అధ్యక్షుడయ్యాక గానీ పోలేదు. 90 రోజుల మందును తొమ్మిదేళ్ళు మింగారన్నమాట.

ఎదురుగాలి:
కొలబద్ద గారూ, కోడిపిల్లల కథ చెప్పి మనసు కదిలించారు గానీ, ఒక్క దేశం చెడగొట్టిన పనిని చూపించి పనే చెడ్డదంటే ఎలా? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ను చూడండి. 1940 జనవరిలో వెన్న, పంచదార, బేకన్‌కు రేషన్ పెట్టారు. వాళ్ళు ధర కట్టి ఊరుకోలేదు, ఎవరికెంత అన్నది కూడా పుస్తకంలో రాసిచ్చారు. నిక్సన్ ధరను కట్టేసి పంపకాన్ని గాలికొదిలేశారు. అలా చేస్తే క్యూలు రాక ఏమొస్తాయి? సరుకు నిజంగానే లేనప్పుడు ధరను వదిలేస్తే డబ్బున్నవాడు తింటాడు, లేనివాడు పస్తుంటాడు. అది కూడా ఒక పంపకమే, కాకపోతే దాన్ని మనం ప్రభుత్వ జోక్యం అనం.

కొలబద్ద:
ఆఖరి మాట ఒప్పుకుంటున్నాను. కానీ బ్రిటన్ నా వైపు సాక్షి అండీ. యుద్ధం 1945లో అయిపోయింది. మాంసం మీద రేషన్ ఎత్తేసింది 1954 జూలైలో. యుద్ధకాలంలో ఏనాడూ రేషన్ లేని రొట్టెకు 1946లో, అంటే శాంతి వచ్చాక, కొత్తగా పెట్టారు!

ఎదురుగాలి:
రొట్టె సంగతి వేరు. ఆ ఏడాది ప్రపంచమంతా ధాన్యం కొరత. జర్మనీలో తమ అధీనంలో ఉన్న ప్రాంతానికి కూడా బ్రిటనే తిండి పెట్టాల్సి వచ్చింది. రెండేళ్ళకే, 1948లో, తీసేశారు కూడా. మాంసం మాత్రం... సరే, అది మీకే వదిలేస్తున్నాను.

చిన్నప్రశ్న:
పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను అద్దె ఇంట్లో ఉంటాను. అగ్రిమెంట్ రెన్యువల్ అనగానే టెన్షన్ మొదలవుతుంది. అద్దె ఇంతకు మించి పెంచకూడదని ప్రభుత్వం అంటే నాకు మేలేగా?

నిదానం:
మీకు మేలే. మీ తర్వాత ఇల్లు వెతుక్కునేవాళ్ళకు కాకపోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో, 1980కి ముందు కట్టిన చిన్న భవనాలను కూడా అద్దెల నియంత్రణ కిందికి తెచ్చారు. ఏం జరిగిందో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు లెక్క తీసి 2019లో ప్రచురించారు. అప్పటికే ఉన్న అద్దెదార్లు నిజంగానే లాభపడ్డారు, ఇల్లు ఖాళీ చేయాల్సిన అవసరం తగ్గింది. కానీ ఆ భవనాల యజమానులు కొందరు వాటిని సొంత ఫ్లాట్లుగా మార్చి అమ్మేశారు, కొందరు పడగొట్టి కొత్తవి కట్టారు. ఆ భవనాల్లో అద్దెకిచ్చే ఇళ్ళు 15 శాతం తగ్గాయి. ఊరంతటా అద్దెలు సుమారు 5 శాతం పెరిగాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోవాలని నేననను. అమెరికాలోనే విద్యుత్ కేంద్రాల పొగ వల్ల ఆమ్ల వర్షాలు పడుతుంటే 1990లో చట్టం తెచ్చారు. ఏ యంత్రం పెట్టాలో, ఎంత ఖర్చు చేయాలో ప్రభుత్వం చెప్పలేదు. గంధకం పొగ మొత్తం ఇంతకు మించకూడదని హద్దు గీసి, ఆ మేరకు పొగ వదిలే పర్మిట్లు పంచి, వాటిని కొనుక్కోండి, అమ్ముకోండి అంది. పొగ తగ్గింది, మొదట భయపడినదాని కన్నా చాలా తక్కువ ఖర్చుతో. హద్దు గీయడం వేరు, ధర రాయడం వేరు.

ముక్కుసూటి:
2008లో అమెరికాలో బ్యాంకులు మునిగినప్పుడు ఈ హద్దులన్నీ ఎక్కడికి పోయాయో! లాభాలొస్తే వాళ్ళవి, నష్టాలొస్తే జనానివి.

నిదానం:
అప్పుడు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే బ్యాంకును మునగనిచ్చారు. మర్నాడే ఏఐజీ అనే బీమా సంస్థకు 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వాల్సి వచ్చింది. ఆ డబ్బు తర్వాత లాభంతో సహా తిరిగొచ్చింది. కానీ కాపాడతారన్న ధీమా ఒకసారి కలిగాక అది పోదు, మీ కోపం అక్కడే కదా. దాని మీద వేరే చర్చ మొదలుపెడితే వస్తాను.

చిన్నప్రశ్న:
నిదానం గారూ, పొగ సంగతి అర్థమైంది. నా అద్దె సంగతి? కొత్త ఇళ్ళు కట్టేదాకా నేనెక్కడుండాలి?

కొలబద్ద:
నేనైతే ఇప్పుడున్న అద్దెదార్ల మీద ఏటా పెంచే దానికి పరిమితి పెడతాను, కొత్తగా కట్టే ఇళ్ళను వదిలేస్తాను, ఐదేళ్ళలో రద్దయ్యేలా చట్టంలోనే రాస్తాను.

ఎదురుగాలి:
దొరికారు! నిక్సన్ ప్రకటనలో కూడా 90 రోజులని రాసే ఉంది కదండీ. గడువు రాస్తే సరిపోదని ఈ చర్చ మొదలుపెట్టిందే మీరు.

కొలబద్ద:
నిజమే, నా మాటతో నన్నే పట్టుకున్నారు. తేదీ ఒక్కటే చాలదు. పొడిగించడం కష్టమయ్యేలా ఉండాలి, పొడిగించమని అడిగేవాడే కారణం చూపించాలి. ఓట్లు పోతాయన్న భయంతో ఎవరూ తీసేయరంటారా, న్యూజీలాండ్‌లో 1984లో వచ్చిన లేబర్ ప్రభుత్వం రైతుల సబ్సిడీలు దాదాపు అన్నీ ఎత్తేసింది. 1987లో మళ్ళీ అదే ప్రభుత్వం గెలిచింది.

ఎదురుగాలి:
అక్కడ రైతులు ఓటర్లలో కొద్దిమంది. ఊళ్ళో సగం మంది అద్దెకుండేవాళ్ళే అయితే మీ ఐదేళ్ళ గడువును ఎవరు ముగియనిస్తారు?

కొలబద్ద:
దానికి ఇంకా జవాబు వెతుకుతున్నాను. మీకు తోస్తే రాయండి.

చిన్నప్రశ్న:
నేను మాత్రం పొడిగించమనే ఓటేస్తాను. ముందే చెప్తున్నా.