సిబ్బంది పుట్టినరోజులను కార్యాలయంలో ఎలా జరపాలి?

ప్రశ్న (శాఖా మేనేజరు, గుంటూరు)

నమస్కారం. ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ శాఖకు నాలుగు నెలల క్రితం మేనేజరుగా వచ్చాను. మా శాఖలో 22 మంది ఉన్నారు. ఎవరి పుట్టినరోజు వచ్చినా మిగిలినవారి దగ్గర తలా 100 రూపాయలు వసూలు చేసి, సాయంత్రం నాలుగు గంటలకు కేకు కోయించడం నేను రాకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ. జూన్ 1వ తేదీ కింద జాబితాలో ఐదుగురి పేర్లు ఉండడంతో ఐదుగురినీ నిలబెట్టి ఒకే కేకు కోయించాము. వారిలో ఒకరు తర్వాత నా గదికి వచ్చి, అది బడిలో వేసిన తేదీ మాత్రమేనని, తాను పుట్టింది కార్తీక మాసంలోనని చెప్పారు. మరొక ఉద్యోగిని గత నెలలో ఈ వేడుకను తప్పించుకోవడానికే సెలవు పెట్టారని ఆలస్యంగా తెలిసింది. మానేస్తే ఆప్యాయత లేని మనిషినని అనుకుంటారేమో, కొనసాగిస్తే కొందరిని నొప్పిస్తున్నానేమో అని మథనపడుతున్నాను. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం (విశ్రాంత బ్యాంకు అధికారి, రాజమహేంద్రవరం)

అమ్మా, జూన్ 1, జూలై 1 తేదీలు మన వైపు ఏ సిబ్బంది జాబితాలో చూసినా గుంపుగా కనిపిస్తాయి. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, పల్లెల్లో ఇంటి దగ్గర జరిగిన కాన్పులు ఆ తర్వాత కూడా చాలాకాలం నమోదుకు ఎక్కలేదు. పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి వెళ్లిన తండ్రికి తిథో, తుపాను వచ్చిన ఏడో గుర్తుండేది తప్ప తేదీ గుర్తుండేది కాదు. బడులు తెరిచే నాటికి అయిదేళ్లు నిండేలా ప్రధానోపాధ్యాయుడే ఒక తేదీ వేసేవారు. అదే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి ఉద్యోగ రికార్డుల్లోకి ఎక్కింది. పదవీ విరమణ లెక్కకు అది చెల్లుతుంది గానీ, ఆ రోజున శుభాకాంక్షలు చెబితే ఆ మనిషికి ఏమీ అనిపించదు. నేను శాఖాధికారిగా ఉన్నప్పుడు, మీరు ఏ రోజును పుట్టినరోజుగా భావిస్తారని ఒక్కొక్కరినీ విడిగా అడిగేవాణ్ణి. ఇద్దరు తిథి చెప్పారు; ఏటా పంచాంగం చూసి వారికి ఆ రోజున చెప్పేవాణ్ణి.

రెండో సమాధానం (ఆఫీసు సహాయకుడు, వరంగల్)

మేడమ్ గారికి నమస్కారం. వసూలు గురించి మాత్రం చెబుతాను. 22 మంది ఉన్నచోట ఒక్కొక్కరూ ఏడాదికి 21 సార్లు ఇస్తారు, అంటే 2,100 రూపాయలు. మీకు అది పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ నెలాఖరున జేబులో బస్సు ఛార్జీలు మాత్రమే ఉన్నప్పుడు అందరి ముందు "నావల్ల కాదు" అనడం చాలా కష్టం. దయచేసి ఆ ఖర్చును సంస్థ చేతనే పెట్టించండి. ఇంకొక మాట: మా కార్యాలయంలో కేకు తెచ్చేదీ, పళ్లాలు కడిగేదీ ఊడ్చే అక్కే. ఏజెన్సీ ద్వారా వచ్చినందువల్ల ఆమె పేరు జాబితాలో లేదు, ఆరేళ్లలో ఆమె పుట్టినరోజు ఎప్పుడని అడిగినవారు లేరు. మీ 22 మందిలో కాపలాదారు, ఊడ్చేవారు ఉన్నారో లేదో ఒకసారి చూడండి.

మూడో సమాధానం (మానవ వనరుల విభాగం, హైదరాబాద్)

సెలవు పెట్టిన ఉద్యోగినిని కారణం అడగకండి. యెహోవా సాక్షులు పుట్టినరోజులు జరుపుకోరు. ముస్లింలలోనూ కొందరు జరుపుకోరు. అదే రోజున ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవారూ ఉంటారు. దీపం ఆరింది అనడానికి కూడా మనసొప్పక కొండెక్కింది అనే ఇళ్లలో పెరిగినవారికి కొవ్వొత్తులు ఊదమంటే ప్రాణం చివుక్కుమంటుంది. అందువల్ల "మీకు వేడుక కావాలా, మాటగా చెబితే చాలా, అసలు వద్దా" అని మాత్రమే అడిగి, జవాబును రాసి పెట్టుకోండి. రాసి పెట్టుకోవడం ఎందుకంటే, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 2019లో ఒక ఉద్యోగి తనకు తీవ్రమైన ఆందోళన సమస్య ఉందని, వేడుక వద్దని ముందే చెప్పినా, అది మరచి విందు ఏర్పాటు చేశారు. ఆయన తల్లడిల్లిపోయి బయటికి వెళ్లిపోయారు, కొద్ది రోజులకే ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. 2022లో జ్యూరీ ఆయనకు 4,50,000 డాలర్లు ఇవ్వాలని తేల్చింది. డబ్బు సంగతి అలా ఉంచితే, "వద్దు" అన్న మాట ఒకరి చెవిలో పడి ఇంకొకరికి చేరకపోవడం ఏ కార్యాలయంలోనైనా జరిగేదే.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం అందరితో విడివిడిగా మాట్లాడాను. తొమ్మిది మంది వేడుక కావాలన్నారు, పది మంది మాట చాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. వసూలు ఆపేశాము; కోడిగుడ్డు లేని కేకు ఖర్చును శాఖ ఖాతాలో చూపడానికి అనుమతి కోరాను. రాత్రి కాపలాదారు, ఊడ్చే ఆమె మీరన్నట్లే జాబితాలో లేరు; ఇద్దరి పేర్లూ చేర్చాను. కార్తీకంలో పుట్టినవారు ఇంటికి ఫోన్ చేసి తల్లిని అడిగితే, పౌర్ణమి వెళ్లిన మరునాడు తెల్లవారుజామున అని చెప్పారట. ఈ ఏడాది అది ఏ తేదీన వస్తుందో క్యాలెండరులో చూసి, నా డైరీలో రాసుకున్నాను.